ఎడమవైపు కుట్టు

కట్టుడు పళ్ళ ల్యాబు, భోజనం వేళ
మార్చి 4

వదినా,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నువ్వు మిషన్ మీద ఉంటే నీకు వినబడదు. ఇంట్లో ఉంటే అన్నయ్య స్పీకరు పెట్టి మధ్యలో దూరతాడు. మీ పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో నీతో ఒక్క మాట సాంతం చెప్పనిచ్చాడా మా అన్నయ్య? అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం ఏమిటంటే, జూన్‌లో మళ్ళీ వెళ్తున్నాను. ఒక్కదాన్నే. అదే కెనూ పడవ, అవే సరస్సులు. అయిదు పగళ్ళు, నాలుగు రాత్రులు. నాలుగు సరస్సుల మధ్య మూడు చోట్ల నీళ్ళుండవు. అక్కడ పడవని తల మీద బోర్లించుకుని అడవిలో నడవాలి. ఇంకో మనిషి ఉండదు కనుక ప్రతి దారీ మూడుసార్లు నడవాలి: సామానుతో అటు, ఖాళీ చేతులతో ఇటు, పడవతో మళ్ళీ అటు. కాబట్టి మోసుకెళ్ళే ప్రతి వస్తువునీ ‘నువ్వు నాకు నిజంగా కావాలా?’ అని నిలదీస్తున్నాను. నిన్న సబ్బుని సగానికి కోశాను.

అసలు గొడవ పడకది. పోయినేడు నువ్వు కుట్టిచ్చిన టెంటు మొదటి రాత్రికే కారి నేను తిరిగొచ్చిన సంగతి తెలిసిందేగా. ఈసారి రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల కొందామనుకుంటున్నాను. పైన ఒక పట్టా కడితే వానకి సరిపోతుందట. లేదా ఉయ్యాల కూడా లేకుండా ఉత్త పట్టా ఒక్కటే తీసుకెళ్ళి దాని కింద పడుకోవడం. అది అన్నిటికన్నా తేలిక, కానీ దోమలకి విందు. ఇక లోపల దూరి పడుకునే స్లీపింగ్ బ్యాగు. ఈకలు కూరింది దూదిలా తేలిగ్గా ఉంటుంది, తడిసిందంటే పిండి ముద్ద. పాలిస్టర్ దారాలదైతే బరువు, కానీ తడిసినా వెచ్చగానే ఉంటుంది. కింద వేసుకోవడానికి గాలి పరుపా, ఫోమ్ చాపా? నువ్వు గుడ్డల మనిషివి. నువ్వే చెప్పు.

నీ టెంటు మీ షెడ్డులో ఉందిగా, ఉండనీ. ఏమీ అనుకోకేం.

నీ మరదలు


కుట్టు షెడ్డు, కటింగ్ బల్ల మీద
మార్చి 11

మరదలు పిల్లా,

ఏమీ అనుకోకు అన్నాక అనుకోకుండా ఉంటానా?

నీ టెంటు ‘ఉండనీ’ అన్నావు. అది మూలన పడి లేదు. షెడ్డు దూలానికి వేలాడుతోంది. నువ్వు తిరిగొచ్చిన వారం నుంచి దాన్ని ఎన్నిసార్లు తడిపానో లెక్క లేదు. అడుగున గుడ్డ మీద మార్కింగ్ సుద్ద పొడి పలచగా చల్లుతాను. ఒక్క చుక్క పడినా మచ్చ తెలుస్తుంది. పైనుంచి గొట్టంతో మూడేసి గంటలు నీళ్ళు కొట్టిస్తాను. తర్వాత బ్యాటరీ లైటు పట్టుకుని లోపలికి పాకి చూస్తాను. మచ్చ లేదు. చలికాలంలో మళ్ళీ చేశాను. లేదు. మొన్న నీ ఉత్తరం చదివి మళ్ళీ చేశాను. షెడ్డులో కుట్టే ఇద్దరూ నన్ను చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు.

కారే టెంటు కుట్టానన్నదానికన్నా, ఎక్కడ కారిందో కనిపెట్టలేకపోతున్నానన్నదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎక్కడ కారింది? తల వైపా, కాళ్ళ వైపా? కుడా, ఎడమా? ఎప్పుడడిగినా మాట దాటేస్తావు. ఈసారి కాగితం మీద రాయి.

మీ అన్నయ్య సంగతి చెప్పాలా. కౌంటరు దగ్గరికి ఎవరు పట్టా కోసం వచ్చినా, ‘మా ఆవిడ టెంటు కొంటే గొడుగు ఉచితం’ అంటారు. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఏడాదిగా నవ్వుతున్నాను. దవడలు నొప్పి పుడుతున్నాయి.

ఇంకొకటి. పడవల క్లబ్బు కార్యదర్శి, అదే, మెడలో ఎప్పుడూ ఈల వేసుకుని తిరుగుతాడే, ఆ ఈలాయన వచ్చాడు. ఒక్క మనిషి పట్టే టెంట్లు పన్నెండు కావాలట, నన్ను కుట్టమన్నాడు. ఇరవై రెండేళ్ళుగా దుకాణాల ముందు ఎండకి కట్టే పరదాలు కుడుతున్నాను. వాటిని తలెత్తి చూసేవాళ్ళుండరు. ఒక మనిషి నమ్మి లోపల పడుకునే వస్తువు కుట్టమని బయటివాళ్ళు నన్నడగడం ఇదే మొదటిసారి. ఎగిరి గంతేయాలి కదా? నెలాఖరుకి చెబుతానన్నాను. ఇంటి ఆడపడుచుకి కుట్టిందే కారితే ఊరివాళ్ళకి ఏ మొహంతో కుట్టను?

ఉయ్యాల సంగతి: నడుము వంగి నిద్రపోయే అలవాటు నీకు లేదు. కొనకముందు ఎక్కడైనా కట్టుకుని చూడు.

వదిన


పళ్ళ ల్యాబు, తలుపు మూసి
మార్చి 17

వదినా,

నీ మాట విని ఉయ్యాల కట్టి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

తెలిసినావిడ దగ్గర అడిగి తెచ్చాను. మా ఇంట్లో కట్టడానికి చోటేదీ? శనివారం అందరూ వెళ్ళాక ల్యాబులో కిటికీ ఊచలకి ఒక కొస, గోడవారనున్న బీరువాకి ఒక కొస కట్టాను. ఎక్కాను. హాయిగానే ఉంది. కళ్ళు మూసుకుని సరస్సు ఊహించుకున్నాను. కిర్రుమంది. కళ్ళు తెరిచేసరికి బీరువా నా వైపు నడిచొస్తోంది. నాకు దెబ్బ తగల్లేదు కానీ, బీరువాలో ఉన్న ప్లాస్టర్ అచ్చులన్నీ కిందపడ్డాయి. ఊళ్ళో సగంమంది దవడలు నేల మీద! ఏది ఎవరిదో కలిపి చూసుకుంటూ ఆదివారమంతా గడిపాను. మా ల్యాబు పెద్దాయన సోమవారం ఒక అచ్చు పట్టుకుని, ‘ఈ లాయరుగారికి ఇన్ని పళ్ళు ఉండేవా?’ అన్నాడు.

పైగా మ్యాపు చూస్తే రెండో రాత్రి ఆగాల్సిన దీవి మీద చెట్లే లేవు, ఉత్త బండ. ఉయ్యాల దేనికి కట్టను, నా మెడకా?

పట్టా కూడా చూశాను. పార్కులో తెడ్డు నిలబెట్టి దాని మీదుగా కట్టి కింద పడుకున్నాను. కుక్కని నడిపిస్తున్న ఒకావిడ ఆగి, ఆసుపత్రికి ఫోన్ చేయమంటారా అని అడిగింది. గాలి పరుపు మీద కదిలితే చాలు కీచుమంటోంది. కాస్త వాలుగా ఉంటే జారి తెల్లారేసరికి మనం గడ్డి మీద, అది పొద దగ్గర. ఫోమ్ చాపే నయమేమో.

నువ్వడిగినదానికి: ఎడమవైపు అనుకుంటాను. కాళ్ళ దగ్గర. చీకట్లో సరిగ్గా చూడలేదు. అయినా అది పెద్ద విషయం కాదు, గాలివాన అలాంటిది. నువ్వు క్లబ్బువాళ్ళకి సరేనని చెప్పెయ్యి. నిజంగా అంటున్నాను, చెప్పెయ్యి.

నీ మరదలు


కుట్టు షెడ్డు
మార్చి 24

అమ్మా మరదలా,

ఎడమవైపు, కాళ్ళ దగ్గర! ఇన్నాళ్ళకి నీ నోట ముత్యం రాలింది.

ఉత్తరం చదివిన మరుక్షణం టెంటు దింపాను. ఎడమ కుట్టు వేలితో తడిమి చూస్తే నాకు ఏ లోపమూ తెలియలేదు. కానీ పడుకున్నదానివి నువ్వు. పరదాలకి గాలి ఎక్కువ తగిలే చోట మేం కుట్టు పక్కనే ఇంకో కుట్టు వేస్తాం. అలాగే ఎడమవైపు తల నుంచి కాళ్ళ దాకా రెండో వరస దించాను, లావు దారంతో. కుడివైపు ముట్టుకోలేదు. నువ్వా టెంటు తీసుకెళ్తావని కాదు. నా మనసు ఊరుకోక.

నీ ఉత్తరంలో లాయరుగారి పళ్ళ దగ్గర నవ్వాను. చివర నవ్వు రాలేదు. ‘పెద్ద విషయం కాదు’ అన్నావు. నీకు కాదు. నాకు అదే పెద్ద విషయం. క్లబ్బుకి సరేనని చెప్పమంటావా? ఆ టెంట్లలో పడుకునేది ఎవరి కూతుళ్ళో, కొడుకులో. కారితే నీలా ఇంటికి వచ్చి చెప్పేవాళ్ళు కొందరుంటారు, చెప్పనివాళ్ళు తడిసి జ్వరం తెచ్చుకుంటారు. ఎక్కడ తప్పు చేశానో తెలియనప్పుడు అదే తప్పు పన్నెండుసార్లు చెయ్యలేను. కుట్టలేనని ఈలాయనకి ఉత్తరం రాసి ఉంచాను. శనివారం డబ్బాలో వేస్తాను.

స్లీపింగ్ బ్యాగు దారాలదే తీసుకో. తూకం చూసి మురిసిపోకు. ఫోమ్ చాప మోకాళ్ళ దాకా ఉంచి మిగతాది కోసెయ్యి, కాళ్ళ కింద లైఫ్ జాకెట్ పెట్టుకోవచ్చు. టెంటు అడుగున ఏ పట్టా వేసినా టెంటు కన్నా బెత్తెడు చిన్నదిగా వేసుకో. బయటికి పొడుచుకొస్తే వాన నీళ్ళని పట్టి నీ కిందకే తెస్తుంది.

వదిన


పళ్ళ ల్యాబు
మార్చి 27, శుక్రవారం

వదినా,

ఆ ఉత్తరం డబ్బాలో వెయ్యకు. చేతిలో ఉంటే కింద పెట్టెయ్యి.

మామూలు పోస్టు అయితే ఆలస్యమవుతుందని మా వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఒక పెద్దాయన కింది పళ్ళ సెట్టు కూడా అదే సంచిలో ఉంటుంది. పొరపాటున అది ఉంచుకుని ఇది తిప్పి పంపకు.

టెంటు కారలేదు.

చుక్క కూడా కారలేదు వదినా. ఆ సాయంత్రం నుంచి వాన దంచి కొట్టింది. లోపల అగ్గిపుల్ల గీస్తే వెలిగేటంత పొడిగా ఉంది. నేను భయపడి వచ్చేశాను. అంతే జరిగింది.

పన్నెండేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాను, నాకెవరి తోడూ అక్కర్లేదని మీ అందరి ముందూ గొప్పలు పోయినదాన్ని. తీరా అక్కడ జిప్పు లాగి పడుకున్నాక తెలిసింది, నేనెప్పుడూ ఒంటరిగా లేనని. పై వాటా వాళ్ళ కుర్చీ జరిగిన చప్పుడు, గోడవతల కుళాయి, మెట్ల మీద ఎవరివో చెప్పులు. ఇన్నాళ్ళూ వాటి మధ్య నిద్రపోయాను. అక్కడ అవేవీ లేవు. చుట్టూ మూసేసిన గుడ్డ, బయట ఏదో చిటుక్కుమంటే ఏమిటో కనబడదు. లైఫ్ జాకెట్ తొడుక్కుని, బూట్లు విప్పకుండా, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. నలభై ఏడేళ్ళ మనిషిని. వెలుతురు రాగానే పడవెక్కి వెనక్కి చూడకుండా తెడ్డు వేశాను.

రేవు నుంచి ఫోన్ చేస్తే వచ్చిన అన్నయ్య, ‘ఏమైందే? అప్పుడే వచ్చేశావేం?’ అన్నాడు. ‘టెంటు కారింది’ అన్నాను. నోరు జారింది. వాడు పగలబడి నవ్వాడు. సాయంత్రానికి ఇల్లంతా తెలిసింది, మర్నాటికి మీ వీధంతా. వెనక్కి తీసుకుందామంటే రోజురోజుకీ కష్టమైపోయింది. నువ్వడిగినప్పుడల్లా నీళ్ళు నమిలాను. అబద్ధానికి ఎడమా కుడీ ఉంటాయా? నోటికొచ్చింది రాశాను.

ఉయ్యాలలూ పట్టాలూ ఎందుకు చూశానో అదీ చెప్పేస్తాను. నీ టెంటు తీసుకెళ్ళి మళ్ళీ మధ్యలో వచ్చేస్తే ఈసారి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కొత్తదైతే దాని మీదకి తోసెయ్యచ్చు.

నీ పనికి నేను మచ్చ తెచ్చాను. నువ్వు అర్ధరాత్రీ అపరాత్రీ సుద్ద పొడి చల్లుకుంటూ పాకుతుంటే తెలిసీ ఊరుకున్నాను. తల ఎత్తుకోలేకపోతున్నాను. తిట్టు. కానీ ఆ ఉత్తరం మాత్రం వెయ్యకు.

నీ మరదలు


కుట్టు షెడ్డు
మార్చి 30

ఆడపడుచు గారికి,

మీ లేఖ చేరింది. పళ్ళ సెట్టు చేరవలసిన చోటికి చేరింది.

మర్యాదగా రాద్దామని మొదలుపెట్టాను కానీ నా వల్ల కావడం లేదు. ఎంత పని చేశావే! శనివారం వేస్తానన్న ఉత్తరం గురువారమే ఆ దారిన వెళ్తూ వేసేశాను. నీ వ్యాను వచ్చేసరికి అది ఈలాయన బల్ల మీద ఉంది. నీ కాగితం చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తెర పక్కన పెట్టి షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను. ఆ రోజు ఎవరికీ కొలతలు తీసుకోలేదు. తీసుకుంటే పరదా బదులు చెడ్డీ కుట్టేదాన్ని.

నువ్వు భయపడ్డావని కోపం కాదు. నేనైతే ఆ పడవే ఎక్కను. భయపడ్డానని నాతో చెప్పలేదని కోపం. మీ అన్నయ్యతో చెప్పకపోతే అర్థముంది. నాతో చెప్పలేవా? నీకు మొట్టమొదట ఉద్యోగం పోయినప్పుడు ఎవరికి చెప్పావు? ఆ ఏడుపంతా నా భుజం మీదేగా ఏడ్చావు?

సరే. నిన్న సిగ్గు విడిచి ఈలాయన దగ్గరికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఈల వేళ్ళతో తిప్పుకుంటూ విని, ‘ఒకసారి కారిందన్నారు, ఇప్పుడు కారలేదంటున్నారు. నేనేది నమ్మాలి? ఆవిడ జూన్‌లో వెళ్తారుగా, అదే టెంటులో నాలుగు రాత్రులూ ఉండి రమ్మనండి. అయిదో రోజు పొద్దున్న నేను రేవులో ఉంటాను. టెంటు విప్పి చూసి, అప్పుడు చెబుతాను’ అన్నాడు. నువ్వు మధ్యలో వచ్చేస్తే పన్నెండూ వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి.

కాబట్టి నీకు శిక్ష ఇది. ఒకటి, మీ అన్నయ్యకి నువ్వే చెప్పాలి. ఆదివారం భోజనాల దగ్గర, ఆయనకిష్టమైన స్పీకరులోనే. రెండు, నా టెంటే తీసుకెళ్ళాలి.

నిన్ను భయపెట్టింది సరస్సు కాదు, మూసిన గుడ్డ అనిపిస్తోంది నాకు. కనబడని చప్పుడుకే ఎవరికైనా ప్రాణం పోతుంది. అందుకని తల వైపు ఒక మూర గుడ్డ కోసేసి దోమల వల వేశాను. పడుకున్న చోటి నుంచే నీళ్ళూ ఒడ్డూ చూడచ్చు. వానొస్తే పైనుంచి మూత జార్చుకో, లోపలి నుంచే అందుతుంది. ఎడమవైపు రెండో వరస అలాగే ఉంచాను. కుట్టు మీద కుట్టు, గట్టిదనమే కదా. ఇంక నీళ్ళు కొట్టి చూడను. కారనిదాన్ని ఏడాది తడిపింది చాలు.

మీ అన్నయ్య భార్య


రేవు పక్క టీకొట్టు
జూన్ 8

వదినా,

ఇంకో అరగంటలో బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కొట్టు ఆయనకిచ్చి వెళ్తాను.

ఆ ఆదివారం స్పీకరులో చెప్పాక అన్నయ్య నోరు మూతపడింది కదా, అది నేను వినడం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. తర్వాత, ‘అయితే నేను ఏడాదిగా దాన్ని...’ అని ఆగి, లేచి వెళ్ళిపోయాడు. షెడ్డుకొచ్చి నీతో ఏమన్నాడో నువ్వు చెప్పలేదు, నేనడగను.

సామాను రెండు సంచుల్లో పట్టింది. దారాల బ్యాగు, మోకాళ్ళ దాకా కోసిన ఫోమ్ చాప, బెత్తెడు చిన్న పట్టా, అన్నీ నువ్వన్నట్టే. నీ టెంటు సంచిలో పైనే పెట్టాను. భయం కూడా ఉంది, అది తూకానికి దొరకలేదు. ఈసారి ఎవరి మీదకీ తోయడానికి లేదు. వచ్చేస్తే నేనే వచ్చేసినట్టు.

వెళ్ళొస్తాను.

మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 13

వదినా,

నాలుగు రాత్రులూ ఉన్నాను!

ముందు ఆ మాట పెద్దక్షరాలతో రాసుకోవాలనిపించింది. నిన్న రేవులో ఏం జరిగిందో ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా విని ఉంటావు. వరసగా చెబుతాను.

మొదటి రాత్రి వల కిటికీ తెరిచి పడుకున్నాను. చిటుక్కుమంది. లేచి చూశాను. బాతు. ఇంకో చప్పుడు, మళ్ళీ చూశాను. నా పడవే, అలకి బండని తాకుతోంది. పేరు తెలిసిన చప్పుడు పక్కింటి కుళాయి లాంటిదే వదినా. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. బూట్లు విప్పే పడుకున్నాను, అది కూడా రాసుకో.

రెండో రాత్రి చెట్లు లేని బండ దీవి. సాయంత్రమే వాన పట్టుకుంది. మూత జార్చుకుని బ్యాగులో దూరాను. కాసేపటికి కాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. లైటు వేసి చూద్దును కదా, కారుతోంది! టప్. టప్. తాపీగా. ఎడమవైపు, కాళ్ళ దగ్గర. నేను నీకు అబద్ధం రాసిన చోటే, బెత్తెడు కూడా తేడా లేదు.

నవ్వొచ్చింది. ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. ఆ చుట్టుపక్కల ఏ జంతువైనా ఉంటే అదే హడలి పారిపోయి ఉంటుంది. వెళ్ళిపోవడానికి నా దగ్గర ఇప్పుడు నిఖార్సయిన కారణం ఉంది. నమ్మేవాళ్ళే లేరు. వంట గిన్నె దాని కింద పెట్టి, కాళ్ళు ముడుచుకుని కుడివైపుకి జరిగాను. గిన్నె నిండితే లేచి పారబోయడం, మళ్ళీ పడుకోవడం. ఆ పనిలో పడి భయపడే సంగతే మర్చిపోయాను. బ్యాగు కొస తడిసింది కానీ చలి వెయ్యలేదు, దారాలది తీసుకోమన్నందుకు నీకు దణ్ణం. మూడో రాత్రి కూడా వానే. నాలుగో రాత్రి తెరిపిచ్చింది. ఆ రాత్రి నాకు ఇంటికి రావాలనిపించలేదు.

కానీ అయిదో రోజు పొద్దున్న తెడ్డు వేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. రేవులో ఈలాయన ఉంటాడు. ఏం చెప్పను? టెంటు అప్పటికి ఆరిపోయింది. పొడిగా ఉందంటే పన్నెండూ నీకే. నీకు ఏడాదిగా చేసిన అన్యాయానికి ఒక్క మాటతో బాకీ తీరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పడవ ఒడ్డుకి తగిలింది. ఆయన, ‘ఎలా ఉందమ్మా?’ అన్నాడు.

‘కారింది’ అన్నాను.

వదినా, ఆ మాట అనడానికి భయపడ్డాను. అడవిలో కూడా అంత భయపడలేదు. నీ పని నా చేతులతో మళ్ళీ నేనే చెడగొట్టాననుకున్నాను. కానీ ఆ టీకొట్టు ముందు ఇంకో అబద్ధం చెప్పి, మళ్ళీ నీకు ఉత్తరం రాయగలనా? ‘ఎడమవైపు ఒక్కటే కారింది, కుడివైపు రెండు రాత్రుల వానకి చెమ్మ కూడా లేదు’ అన్నాను. ఆయన నమ్మలేదు. అక్కడే టెంటు వేయించి, టీకొట్టు నుంచి బకెట్లతో నీళ్ళు తెప్పించి పోయించాడు. తను లోపల కూర్చున్నాడు, ఈలతో సహా. కాసేపటికి ఎడమ భుజం తడిసి బయటికొచ్చాడు. రెండు కుట్లూ వేలితో తడిమి, ‘ఇటు రెండు వరసలున్నాయి, అటు ఒకటే ఉంది. ఎందుకు?’ అన్నాడు.

‘అది మా వదిన తప్పు కాదు. కారని చోట కారిందని నేను చెబితే ఆవిడ బాగుచేసింది’ అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. ‘పన్నెండూ కుట్టమనండి. రెండు వైపులా కుడివైపులాగే కుట్టమనండి’ అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. టీకొట్టు ఆయన టీలో ఏదో పడిందనుకుని మార్చి ఇచ్చాడు.

నీ మరదలు


కుట్టు షెడ్డు
జూన్ 19

నా మరదలు పిల్లా,

‘కారింది’ అన్నావని ఈలాయన చెప్పగానే ఒక్క క్షణం నిన్ను ఏ సరస్సులోనైనా ముంచుదామనిపించింది. తర్వాత టెంటు తెప్పించి బల్ల మీద పరిచి చూసుకున్నాను. తప్పు నాదే. మొదట కుట్టినప్పుడు కుట్టంతటికీ లోపలి నుంచి నీళ్ళు దిగకుండా జిగురు పూత పూశాను. నీ ఉత్తరం చూసిన ఆవేశంలో రెండో వరస ఆ పూత మీద నుంచే దించాను. లావు సూది, ప్రతి పోటుకీ ఒక కన్నం. మళ్ళీ పూత వెయ్యలేదు. నీళ్ళు కొట్టి చూసి ఉంటే అప్పుడే దొరికేది. అంతలో నువ్వు నిజం చెప్పిన ఉత్తరం వచ్చింది, ఇది కారదు కదా అని తడపడం మానేశాను. కారనప్పుడు ఏడాది తడిపాను, కారేటప్పుడు ఒక్క చెంబు పోయలేదు.

నువ్వు రేవులో పొడిగా ఉందని అని ఉంటే ఏమయ్యేదో తెలుసా? రెండు వరసలు గట్టిదనం అనుకుని పన్నెండూ అలాగే కుట్టేదాన్ని. పన్నెండు మంది కాళ్ళు తడిసేవి. నువ్వా మాట అన్నందుకు నాకెంత గర్వంగా ఉందో ఎదురుగా చెప్పలేను, నాకు సిగ్గు. కాగితం మీద కాబట్టి చెబుతున్నాను. బాకీ గీకీ అన్నావు, ఇంకోసారి ఆ మాట రాస్తే ఉత్తరం చింపేస్తాను.

నిన్న మొదటిది అయింది. ఒకటే వరస, పూత, తల వైపు వల కిటికీ. వల కిటికీ ఎవరి ఆలోచన అని ఈలాయన అడిగితే, మా మరదలి భయం అన్నాను. అన్నిటికీ పెట్టమన్నాడు.

మీ అన్నయ్య గొడుగు మాట పూర్తిగా మానేశారు. ఈసారి నిజంగానే కారిందని నేను ఎంత చెప్పినా ఆయన వినడం లేదు. బకెట్ల కథ కూడా కట్టుకథే అంటున్నారు. ‘నా భార్య కుట్టింది కారడమా? మా చెల్లికి కారిందనడం అలవాటు లెండి’ అని కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నారు. వాళ్ళు నవ్వుతున్నారు. నేను లోపల మిషన్ తొక్కుతూ వింటున్నాను.

రెండు రోజులు అడ్డుపడి చెప్పాను. ఇంక చెప్పదలుచుకోలేదు. ఏడాది పాటు ఆ నవ్వు నేను మోశాను, కొన్నాళ్ళు నువ్వు మొయ్యి.

నీ వదిన